కోటేశ్వరక్క చేత వేయించిన స్విచ్

మాస్టారి పెద్దకర్మ నాడు, నరసరావుపేటలో ఆయన ఇంటి ముందు వేసిన షామియానా కింద, మొదటి బంతి భోజనాలు అయిన తరువాత ఒకావిడ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది. ముంజేతుల మీద నూనె చిట్లి కాలిన మచ్చలున్నాయి. "ఏంది శీనయ్యా, గుర్తుపట్టలా?" అంది. మొహం చూసి గుర్తుపట్టలేదు కానీ గొంతు వినగానే తెలిసింది. కోటేశ్వరక్క. పక్కనున్న బంధువులావిడ వైపు తిరిగి, "ఈ అబ్బాయి ఇప్పుడు చానా పుస్తకాలు రాశాడు. అప్పట్లో నేను మాస్టారి కంప్యూటరు చెడగొడితే, మూడ్రోజులు దాని ముందే కూర్చుని బాగుచేసింది ఈయనే. ఆ సంగతి పుస్తకంలో కూడా రాశాడంట, మా మేనకోడలు చదివి చెప్పింది. టైపిస్టు అక్క అంటే నేనే," అంది. తన తప్పు పుస్తకంలోకి ఎక్కినందుకు కూడా సంతోషపడుతున్న మనిషిలా నవ్వింది. నేను ఆమె కళ్ళలోకి చూడలేక, "అదెప్పటి మాటలే అక్కా," అన్నాను. చెయ్యి కడుక్కునే వంకతో అక్కడి నుంచి లేచిపోయాను.

ఆమె కంప్యూటరు చెడగొట్టలేదు. చెడగొట్టింది నేను. ఈ మాట రాయడానికి నాకు ఇరవై ఏళ్ళ పైనే పట్టింది.

మాది గురజాల దగ్గర ఊరు. డిగ్రీ చదవడానికి నరసరావుపేట వచ్చినప్పుడు మా నాన్న నన్ను తనకు తెలిసిన మాస్టారికి అప్పజెప్పి వెళ్ళాడు. మాస్టారికి కోర్టుకు వెళ్ళే వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంటి ముందు గదే ఇన్‌స్టిట్యూట్, మధ్య గదిలో వాళ్ళ కాపురం, వెనక వంటిల్లు. నాకు పడక ముందు గదిలో, భోజనం వంటింట్లో. బదులుగా పొద్దున్నే మిషన్ల దుమ్ము దులిపి, నూనె వేసి, కాలేజీ నుంచి వచ్చాక బయటివాళ్ళ కాగితాలు టైపు చేసే జాబ్ వర్కు చేసేవాణ్ణి. ఆ గదిలోకి అడుగుపెట్టగానే మిషను నూనె, కార్బన్ కాగితం, రిబ్బను సిరా కలిసిన వాసన వచ్చేది. పదకొండు దాటాక దాని మీదికి వెనక నుంచి అత్తయ్య వేయించే ఎండుమిరపకాయల ఘాటు వచ్చి పడేది. టైపు నేర్చుకునే ఆడపిల్లలు తుమ్ముతూనే అక్షరాలు కొట్టేవాళ్ళు. మాస్టారి భార్యను నేను మొదటి రోజు నుంచీ అత్తయ్యా అనే పిలిచాను. ఆవిడ నాకు రెండో వాయి అన్నం అడక్కుండానే పెట్టేది.

మాస్టారిది వింత చెవి. మధ్య గదిలో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకుని, ముందు గదిలో పన్నెండు మిషన్లు ఒకేసారి మోగుతుంటే, ఎవరు ఏ వేలు తప్పు వేస్తున్నారో చెప్పేవాడు. "మూడో మిషను, ఉంగరం వేలు!" అని అక్కణ్ణుంచే కేక. ఆ మోతలో ఆయన ఎన్నడూ తప్పు పట్టనిది కోటేశ్వరక్కను ఒక్కదాన్నే. ఆమె అక్కడ ఉద్యోగి. అప్పటికి ముప్పై అయిదు ఉంటాయేమో. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త వదిలేస్తే, ఊరి చివర తల్లితో ఉంటూ, రోజూ తొమ్మిదిన్నరకల్లా వచ్చేది. వకీళ్ళ దావా కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే కోర్టుకు వెళ్ళేవి. ఎంత గజిబిజి చేతిరాతనైనా చదివి, వకీలు మర్చిపోయిన కామాను కూడా తనే పెట్టేది. ఆమె టైపు చేసిన కాగితాన్ని మాస్టారు మళ్ళీ చదవకుండానే సంతకానికి పంపేవాడు.

తరువాత కంప్యూటరు వచ్చింది. మాస్టారు దాన్ని గది మధ్యలో బల్ల మీద పెట్టించి, అత్తయ్య పాత పట్టుచీర ముక్కతో ముసుగు కుట్టించాడు. శుక్రవారం శుక్రవారం అత్తయ్య దానికి బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించేది. కోటేశ్వరక్క నెల రోజుల పాటు దాని పక్కన నిలబడి చూడటమే తప్ప ముట్టుకోలేదు. ముట్టుకున్నాక మాత్రం ఇంకో రెండు నెలల్లో నాకంటే వేగంగా కొట్టడం మొదలుపెట్టింది. తప్పు పడితే కాగితం మార్చక్కర్లేదని తెలిసిన రోజు ఆమె మొహం చూడాలి. "ఇన్నేళ్ళు ఎన్ని కాగితాలు చింపానో శీనయ్యా!" అని చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ కంప్యూటరును నడిపించే ప్రోగ్రాము డబ్బు కట్టని దొంగ కాపీ అని మాస్టారికి చెప్పింది నేనే, గొప్ప కోసం. ఊళ్ళో ఏ కంప్యూటర్లో అయినా అప్పుడు ఉండేది అదే. కానీ మాస్టారు మొహం మాడ్చుకున్నాడు. "కోర్టు కాగితాలు దొంగ సరుకు మీద టైపు చేస్తామా? తీసెయ్," అన్నాడు. అప్పుడు ఒక కంప్యూటరు పత్రికతో పాటు వచ్చిన సీడీల నుంచి దాని బదులు లైనక్స్ అనే ప్రోగ్రాము ఎక్కించాను. అది ఊరికే వస్తుంది, ఎవరైనా వాడుకోవచ్చు. పని బాగానే నడిచింది. తెర మీద అక్షరాలు కాస్త లావుగా, అంచులు మసగ్గా కనిపించేవి, పేజీ సగమే కనిపించేది. కోటేశ్వరక్క అదే అలవాటు చేసుకుంది. నేను చేసుకోలేకపోయాను.

కారణం చెబితే నవ్వుతారు. ఆ సీడీల్లో ఒక ఆట ఉంది. మంచుకొండ మీద నుంచి ఒక పక్షి పొట్ట మీద జారుకుంటూ కిందికి పోతుంది, అంతే. మా తెర మీద ఆ పక్షి నిమిషానికి ఒకసారి కదిలేది. కంప్యూటరు లోపల తెర మీదికి బొమ్మను పంపే కార్డు ఒకటి ఉంటుంది. దానితో మాట్లాడే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. లైనక్స్‌తో పాటు వచ్చే డ్రైవరు అక్షరాలు చూపించడానికి సరిపోతుంది. ఆట పరుగెత్తాలంటే కార్డు చేసిన కంపెనీ తనే ఇచ్చే డ్రైవరు కావాలి. దాని లోపల ఏముందో ఎవరికీ చూపించరు, మూసిన డబ్బా లాంటిది. పైగా మన దగ్గరున్న లైనక్స్‌కు అది అన్ని విధాలా కుదిరితేనే పనిచేస్తుంది. స్టేషను రోడ్డులో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, గంటన్నర కూర్చుని దాన్ని దింపించుకుని, సీడీ మీద రాయించుకుని తెచ్చాను. మాస్టారిని అడిగితే ఒక్కటే అన్నాడు. "పని జరుగుతా ఉంది గదరా. ఇప్పుడు దాన్ని కదిలించమాక."

ఆ ఆదివారం మాస్టారు, అత్తయ్య విజయపురి సౌత్‌లో చుట్టాలింటికి వెళ్ళారు. బస్సెక్కించి వచ్చి, పట్టుచీర ముసుగు తీసి, పట్టపగలు, తలుపు గడియ వేసుకుని మొదలుపెట్టాను. డ్రైవరు ఎక్కించేటప్పుడు అది ఇంగ్లీషులో ఏవో హెచ్చరికలు చెప్పింది. అన్నిటికీ సరే అన్నాను. పాత అమరికలు రాసి ఉన్న ఫైలును వేరే చోట కాపీ పెట్టుకోమని కూడా చెప్పింది. పెట్టుకోలేదు. తెర ఒకసారి నల్లబడింది, వెలిగింది, మళ్ళీ నల్లబడింది. అలా మూడుసార్లు కొట్టుకుని, చివరికి నల్లటి తెర మీద నాలుగు తెల్ల వాక్యాలు, వాటి కింద మిణుకుమిణుకుమనే చిన్న గీత మిగిలాయి. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. తెర మీద ఎప్పుడూ ఉండే కిటికీలూ బొమ్మలూ ఏవీ లేవు. సోమవారం దాఖలు చేయాల్సిన దావా కాగితాలు, కోటేశ్వరక్క శుక్ర శనివారాలు కూర్చుని కొట్టినవి, అందులోనే ఉన్నాయి. అవి ఎక్కడికీ పోలేదనీ, ఆ నల్ల తెర మీద నుంచే వాటిని బయటికి తీయవచ్చనీ నాకప్పుడు తెలియదు. మాస్టారు నన్ను ఊరికి పంపేస్తాడనే భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

తరువాత జరిగింది తొందరపాటు కాదు. ఆలోచించి చేసిందే. శనివారం సాయంత్రం కరెంటు పోయినప్పుడు బ్యాటరీ పెట్టె యూపీఎస్ కుయ్యిమంటుంటే, కోటేశ్వరక్క కంగారుపడి కంప్యూటరును పద్ధతిగా ఆపకుండా ఆ యూపీఎస్ స్విచ్ తీసేసింది. నేను చూశాను. దానివల్ల ఏ నష్టమూ జరగలేదని, ఆదివారం పొద్దున అది మామూలుగానే లేచిందని నాకు తెలుసు. అయినా రాత్రి మాస్టారు వాళ్ళు తిరిగొచ్చేలోగా కంప్యూటరు ఆపేసి, ముసుగు ఎప్పటిలా కప్పేసి, సోమవారం పొద్దున కావాలనే పెరట్లో మొహం కడుక్కుంటూ ఆలస్యం చేశాను. ఆమె వచ్చి, ముసుగు మడిచి పక్కన పెట్టి, తన చేత్తో స్విచ్ వేసేదాకా లోపలికి రాలేదు.

"శీనయ్యా! ఇటు రా ఒకసారి. ఇదేందో నల్లగా వచ్చింది," అని పిలిచింది.

వెళ్ళి చూసి, ఆశ్చర్యపోయినట్టు నిలబడ్డాను. తలుపు దగ్గరికి వచ్చిన మాస్టారు, "ఏమైందిరా?" అన్నాడు.

"శనివారం అక్క స్విచ్ ఊరికే తీసేసింది గదా మాస్టారూ. అట్టా తీస్తే లోపల దెబ్బతింటది," అన్నాను.

ఆమె కాదనలేదు. కాదనడానికి ఆమెకు ఆధారం ఏముంది? స్విచ్ తీసిన మాట నిజమే. "అవును మాస్టారూ. అది కుయ్యిమంటుంటే భయమేసి తీశాను. నా వల్లే," అంది. అప్పుడే వకీలు గారి గుమాస్తా సైకిలు స్టాండు వేసి, కాగితాల కోసం లోపలికి వచ్చాడు. ఆ దావా ఆ రోజు దాఖలు కాకపోతే గడువు దాటిపోతుంది. ఒక ముసలి రైతు పొలం గట్టు తగాదా అది. ఆ రైతు అప్పటికే కోర్టు దగ్గర కూర్చుని ఉన్నాడని గుమాస్తా చెప్పాడు.

కోటేశ్వరక్క వెళ్ళి మూల మిషను మీద కవరు తీసింది. మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి, వకీలు చేతిరాత ప్రతి ముందు పెట్టుకుని మొదలుపెట్టింది. ఇరవై రెండు పేజీలు. మధ్యాహ్నం అత్తయ్య అన్నానికి పిలిస్తే తల అడ్డంగా ఊపింది. నేను పక్కన కూర్చుని కాగితాలు అందిస్తున్నాను. అలవాటు తప్పిన వేళ్ళు, ఆ పాత మిషను మీటలు గట్టివి. కుడిచేతి చిటికెన వేలు గోరు చివర చీలి రక్తం వస్తే, కాగితానికి అంటకుండా చెంగుకు తుడుచుకుని మళ్ళీ కొట్టింది. ఒకసారి మాత్రం ఆగి, నా వైపు తిరిగి, "నిన్ను కూడా ఇబ్బంది పెట్టాను శీనయ్యా," అంది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. మాస్టారు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. నేను తరువాతి కార్బను సర్ది అందించాను. మూడున్నరకు ఆఖరి పేజీ లాగింది. గుమాస్తా పరుగెత్తాడు. దావా దాఖలయింది.

ఆ తరువాత మూడు రోజులు కాలేజీ మానేసి ఆ నల్ల తెర ముందు కూర్చున్నాను. సీడీలో ఉన్న వివరాల పత్రాన్ని ఇంటర్నెట్ సెంటరులో అచ్చు వేయించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని పేజీ పేజీ చదివాను. డ్రైవరు పేరు ఒక ఫైల్లో ఒకే ఒక్క వరుసలో రాసి ఉంటుందని, అది మారిస్తే పాత తెర తిరిగి వస్తుందని బుధవారం మధ్యాహ్నం అర్థమైంది. మార్చాను, వచ్చింది. అక్కడితో ఆగకుండా, కంపెనీ డ్రైవరుకు కావాల్సిన మిగతా సరంజామా మూడో సీడీలో వెతికి, మానిటరుతో పాటు వచ్చిన పుస్తకంలో ఉన్న అంకెలు చూసి ఫైల్లో నింపి, గురువారం దాన్నీ ఎక్కించాను. ఈసారి తెర అద్దంలా వెలిగింది. అక్షరాలు సన్నగా, ముత్యాల్లా ఉన్నాయి. పేజీ మొత్తం ఒకేసారి కనిపించింది. మాస్టారు వీధిలో వాళ్ళను పిలిచి మరీ చూపించాడు. "పల్లెటూరి పిల్లాడు. ఎవురూ నేర్పలా. సొంతంగా బాగుచేశాడు," అన్నాడు. కోటేశ్వరక్క నా రెండు చేతులూ పట్టుకుని, "నా పరువు నిలబెట్టావయ్యా," అంది. మర్నాడు ఇంటి నుంచి నా కోసం సజ్జబూరెలు చేసి తెచ్చింది. తిన్నాను. ఆ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ పక్షి ఆట కూడా ఆడాను. చాలా బాగా పరుగెత్తింది.

మాస్టారు ఆమెను ఒక్క మాట అనలేదు. నెమ్మదిగానే చెప్పాడు. "కోటేశ్వరీ, నీ తప్పని గాదు. నీకు చేయి తిరిగింది మిషను మీద. నువ్వు మిషనే చూసుకో. కంప్యూటరు శీను చూసుకుంటాడు." ఆమె మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. వకీళ్ళు కంప్యూటరు కాగితాలే కావాలనడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేలోగా మూల మిషను దగ్గర పని లేకుండా పోయింది. తల్లి కూడా పోయాక, ఆమె దాచేపల్లిలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయిందని ఒకరోజు అన్నం తింటుంటే అత్తయ్య చెప్పింది. మజ్జిగ పోసుకుని తిని లేచాను. కంప్యూటరు నాదైంది. దాని మీద నేర్చుకున్నదే నాకు గుంటూరులో ఉద్యోగం, ఆ తరువాత తెలుగులో కంప్యూటరు పుస్తకాలు రాసే పేరు తెచ్చిపెట్టింది. మొదటి పుస్తకం ముందుమాటలో, పాఠకులు నవ్వుకుంటారని, స్విచ్ తీసేసిన టైపిస్టు అక్క కథ రాశాను. అప్పటికి ఆ అబద్ధాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, రాసేటప్పుడు అది అబద్ధమని గుర్తు కూడా రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటరు, కంపెనీ డ్రైవరు కావాలా అని తనే అడుగుతుంది. అవునంటే అయిదు నిమిషాల్లో తెచ్చి పెట్టుకుంటుంది. చెడితే పాతదానికి తనే తిరిగి వెళుతుంది. మాస్టారు పోయిన నెలకు మా అమ్మాయి తన కంప్యూటర్లో ఏదో కెలికి, తెర పోగొట్టుకుని, నా గదిలోకి వచ్చి, "నాన్నా, నేనే చెడగొట్టాను, ఒకసారి చూడవా," అంది. ఎంత మామూలుగా అందో. పదిహేనేళ్ళ పిల్ల. పది నిమిషాల్లో దాన్ని సరిచేసి, ఆ వారమే దాచేపల్లి బస్సెక్కాను.

తమ్ముడి ఇంటి వెనక భాగంలో ఒక గది ఆమెది. పెరట్లో చెట్ల ఆకుల మీద సున్నపు దుమ్ము. ముందు రోడ్డు మీద సిమెంటు లారీలు పోతుంటే నేల అదురుతోంది. అక్క పెరట్లోనే మంచం మీద మిరపకాయలు పోసుకుని తొడాలు తీస్తోంది. నన్ను చూసి సంబరపడి లేవబోతే, కూర్చోమని, ఎదురుగా పీట మీద కూర్చుని, ఆదివారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆట సంగతి కూడా చెప్పాను. పెరట్లో మొహం కడుక్కుంటూ ఆలస్యం చేసిన సంగతి చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను.

"అయితే నేను స్విచ్ తీసినందుకు ఏం గాలా?"

"ఏం కాలేదక్కా. ఆదివారం పొద్దున బాగానే ఉంది."

ఆమె మిరపకాయల కుప్పను పక్కకు తోసింది. "సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేరినప్పుడు," అంది, "టైపు వచ్చని తెలిసి సూపర్‌వైజరు టోకెన్ల కంప్యూటరు చూసుకోమన్నాడు. ఫ్యాను కింద కుర్చీ. నేనే వద్దన్నా. నా చేత్తో ముట్టుకుంటే చెడిపోయిద్దయ్యా, ఒకసారి అట్టానే అయిందని చెప్పి, పొయ్యి కాడికి పోయా. పద్నాలుగేళ్ళు పొయ్యి కాడే ఉన్నా శీనయ్యా. ఇప్పటికీ బ్యాంకులో మిషను మీద ఏలు పెట్టమంటే, పక్కనోళ్ళను పెట్టమంటా." చేతుల మీది మచ్చల వైపు ఆమె చూడలేదు. నేనే చూశాను.

"తప్పు చేశానక్కా," అన్నాను. "ఈ మాట మాస్టారుండగా ఎందుకు చెప్పలా?" అంది. "భయపడ్డానక్కా," అన్నాను. "సరే. మీ అత్తయ్యన్నా ఉంది గదా. ఫోను చెయ్యి. ఇప్పుడే చెయ్యి, నా ముందు."

అత్తయ్య ఇప్పుడు సత్తెనపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోను ఎత్తింది కానీ, వయసుతో చెవులు బాగా మందగించాయి. నేను నెమ్మదిగా చెప్పబోతే, "ఏంది నాయనా? గట్టిగా చెప్పు, ఇనపడట్లా," అంది. స్పీకరు పెట్టి గొంతు పెంచాను. "అప్పట్లో కంప్యూటరు చెడిపోయింది గదా అత్తయ్యా!" "ఆఁ, కోటేశ్వరి చెడగొట్టింది గదా!" "కాదు, ఆమె కాదు!" "ఎవురు?" "నేను!" "ఎవురూ?" పక్కింటి గోడ మీదుగా ఇద్దరు ఆడవాళ్ళు తొంగిచూశారు. తమ్ముడి కోడలు వంట ఆపి గుమ్మంలోకి వచ్చింది. "నేనే చెడగొట్టాను అత్తయ్యా! అక్క మీద అబద్ధం చెప్పాను!" అని ఆ పెరట్లో నిలబడి అరిచాను. "కోటేశ్వరి ఆడే ఉందా? దానికియ్యి ఫోను," అంది అత్తయ్య.

అక్క ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. పావుగంట తరువాత బయటికి వచ్చినప్పుడు చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఫోను నా చేతిలో పెట్టింది. "అన్నం పెట్టి పంపించమంది మీ అత్తయ్య. నాకు ఇయ్యాల పెట్టబుద్ధి గావట్లా. ఏమనుకోమాక," అంది. ఏమీ అనుకోనన్నాను. చెప్పులేసుకుని గేటు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"ఆ పుస్తకంలో రాశావు గదా. ఇది కూడా రాయి. రాసేటప్పుడు టైపిస్టు అక్క అని రాయమాక. నాకు పేరుంది. కోటేశ్వరి అని రాయి. ఇంగ్లీషు టైపు హయ్యరు పరీక్ష, ఫస్టు క్లాసు, అది కూడా రాయి."